లేని గోడను చూచు విద్య

ఇంగ్లండులోని బిషప్ ఆక్లండ్ పట్టణమున, డర్హము బిషప్పు ఆంటొనీ బెక్ 14వ శతాబ్ది ఆరంభమున కట్టించిన ప్రార్థనాలయపు పునాదులు బయటపడినవని 2020లో వెలువడిన వార్తను చదివి, 40 మీటర్ల పొడవున, 1.5 మీటర్ల మందపు గోడలతో నిలిచిన కట్టడము జాడ తెలియకుండ ఎట్లు పోయెనని యొక పాఠకుడు ప్రశ్నించియున్నారు.

పోవుటకు కారణము స్పష్టమే. 1646లో పార్లమెంటు బిషప్పుల పదవులను రద్దుచేసి వారి భూములను అమ్మించెను. ఆక్లండును కొన్న సర్ ఆర్థర్ హేసెల్‌రిగ్ 1650 దశకమున ఆ ప్రార్థనాలయమును మందుగుండుతో కూల్పించెను. పరివారముతో ఎస్టేటునుండి ఎస్టేటునకు తిరిగిన బిషప్పులకు ఇట్టి మేడలు పెక్కు చోట్ల నుండెడివి. ఏ మేడ యెచట నుండెనో వ్రాతలలోనైన దొరకుట అరుదు: వించెస్టరు బిషప్పుల లెక్కల చుట్టలు 1208 నుండి లభించుచున్నను, మరమ్మతుల ఖర్చు వ్రాసిన గుమాస్తాలు మేడ యే గట్టుపై నున్నదో వ్రాయ నవసర మెరుగరు.

ఇట్టి కట్టడముల జాడ తీయు విధానమే అద్భుతము. మట్టిలో విద్యుత్తును మోయునది తేమయందు కరిగిన లవణముల అయాన్లు. కనుక నేలలో నాలుగు లోహపు చువ్వలు గ్రుచ్చి, రెంటిగుండ విద్యుత్తును పంపి, తక్కిన రెంటి నడుమ వోల్టేజి కొలిచినచో, తేమ యెచట హెచ్చో యెచట తగ్గో తేటపడును. రాతిపునాది తేమను పట్టదు గనుక నిరోధము హెచ్చు. ఊరివారు తమ యిండ్లకై ఆ రాళ్లను కడపటిదానివరకు పెకలించుకొని పోయినను, ఆ గాడిలో నిండిన మెత్తని మట్టి చుట్టునున్న గట్టినేలకంటె నీటిని అధికముగ నిలుపుకొనును. అందుచే గోడ లేనిచోట గోడ యాకృతియే, మూలలు తిరిగిన తీరుతో సహా, అల్పనిరోధరేఖయై పటమున నిలుచును! ఋతువును బట్టి యీ భేదము మారును. కుండపోత వానల పిదప దాదాపు మాసిపోవును. 1946లో డార్చెస్టరు వద్ద రిచర్డ్ ఎట్కిన్సన్ ఈ పద్ధతిని ఇంగ్లండున పురావస్తుశోధనకు తొలుత వాడినప్పుడు వెదకినవియు గోడలు కావు, పూడిపోయిన కందకములే.

అంతకు మునుపటి తరపు పురావస్తుశోధకులలో పెక్కుమంది, గోడ కంటబడినంతనే దానివెంట కాలువవలె త్రవ్వుచు పోయి, గోడకును లోపలి నేలకును నడుమ నున్న మట్టిపొరలను తెంచివేసిరి. ఏ గది ముందు కట్టిరో, ఏది తరువాత చేర్చిరో చెప్పగల సాక్ష్యము ఆ పొరలలోనే యుండెను. ఈ దోషము క్షమింపరానిది.

ప్రయోజన మేమని అడుగువారికి: గ్రానైటు నేలలుగల తెలంగాణములోను, రాయలసీమలోను భూగర్భజలశాస్త్రజ్ఞులు ఈ నిరోధమునే కొలిచి బోర్లకు స్థలము నిర్ణయించుచున్నారు. బోరు వేయింపదలచిన పాఠకులు అరచేత కొబ్బరికాయ నిలుపువానిని గాక వారిని సంప్రతింపవలెనని మనవి.