తోట పైపుల్లోకి గాలి ఎందుకు కొడతారు?

అమెరికాలోని మిన్నెసోటాలో అక్టోబరు వచ్చిందంటే ఇళ్ల ముందు కంప్రెసర్లు హోరెత్తుతాయి. మన పంక్చర్ షాపులో టైరుకు గాలి కొట్టేలాంటిదే, కాకపోతే బాగా పెద్దది. పచ్చికకు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ల పైపుల్లోకి దాంతో గాలి పంపుతారు. ఎందుకు?

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. నిండా నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టిన గాజుసీసా పగిలేది అందుకే. అక్కడి చలికాలంలో నేల కూడా కొన్ని అడుగుల లోతు వరకు గడ్డకడుతుంది. ఈ పైపులేమో అడుగు లోతులోనే ఉంటాయి. లోపల నీరు మిగిలితే పైపులూ వాల్వులూ చీలిపోతాయి. ఆ సంగతి వసంతంలో మళ్లీ నీళ్లు వదిలాక గానీ బయటపడదు!

ముందు నీటి సరఫరా కట్టేస్తారు. తరువాత ఒక్కో వరుస వాల్వు తెరిచి గాలి వదులుతారు. మొదట ధార, తరువాత తుంపర, చివరికి పొగమంచులాంటి తేమ వస్తుంది. అంతే, ఆపేయాలి. నీరు పోయాక కూడా గాలి కొడుతుంటే స్ప్రింక్లర్లలోని ప్లాస్టిక్ పళ్లచక్రాలు రాపిడికి వేడెక్కి పాడవుతాయి.

మరి అంత పెద్ద కంప్రెసర్ ఎందుకు? గాలి కొద్దిగా వస్తే నీటి మీదుగా జారిపోతుంది, నీరు పైపు అడుగునే ఉండిపోతుంది. కావలసింది ఎక్కువ గాలి, ఎక్కువ ఒత్తిడి కాదు. మెత్తటి పాలిథిలీన్ పైపుల్లో ఒత్తిడిని 50 పీఎస్ఐ దాటనివ్వరు. గాలి కొట్టే సమయంలో స్ప్రింక్లర్ల మీదికి వంగి చూడటం మాత్రం చాలా ప్రమాదం.