అదనెరిగిన అడుగు

చోడవరము చేరువనున్న చీడికాడ వంటి ఊళ్లలో సేద్యగాండ్రకు అదను అనగా ఏమో చెప్పనక్కరలేదు. నేల పదునుండగానే విత్తు పడవలెను. ఆ వేళ తప్పినచో ఎంత చెమటోడ్చినను ఫలము దక్కదు. పాత బుల్లెట్టు బండిని కదలించబూనిన యువకునికిని ఈ నీతియే వర్తించును.

బుల్లెట్టుకు పుట్టినిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణము. అచ్చటి కంపెనీ 1955లో మద్రాసు మోటార్సుతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పగా, మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరు దానికి మెట్టినిల్లయినది. పుట్టినింట కంపెనీ 1971లో అంతరించినను, మెట్టినింట వంశము నిలిచినది.

ఆ బండికి ఒకే సిలిండరు. దాని పరిమాణము 346 ఘన సెంటీమీటర్లు. పీల్చుట, నొక్కుట, మండుట, వదలుట అని దాని పని నాలుగు ఘట్టములు. నొక్కుడు ఘట్టమున పిస్టను పైకి వచ్చునపుడు లోపలి వాయువు కాలికి ఎదురు తిరుగును. అప్పుడు అరకొరగా తన్నినచో, పిస్టను శిఖరము చేరకమునుపే రేగిన మంట దానిని వెనుకకు నెట్టును. కిక్కురాడ్డు తిరుగబడును, చీలమండకు దెబ్బ తగులును.

ఎరిగినవాడు తాళము తిప్పి, రాడ్డును మెల్లగా అదుముచు ఆమీటరు ముల్లును కనిపెట్టును. ముల్లు నడిమికి వచ్చి, కాలికి గట్టి అడ్డు తగిలినచో పిస్టను శిఖరమునకు చేరువైనదని గుర్తు. అంతట ఎడమచేతి వైపునున్న డీకంప్రెసరు మీటను నొక్కి, చిక్కిన వాయువును వదలి, రాడ్డును మరి కొంచెము దించును. పిస్టను శిఖరము దాటును. ఇక మీట వదలి, రాడ్డును పైకి రానిచ్చి, తడబడక ఒక్క నిండు తన్ను తన్నవలెను. తరువాతి నొక్కుడు వచ్చులోపల ఇంజను లోపలి బరువైన చక్రము వేగము కూడగట్టుకొనును. ఆ వేగమే పిస్టనును శిఖరము దాటించును. బక్కపలుచని పెద్దలు సైతము ఒక్క తన్నుతో మేల్కొలిపిన బండి వస్తాదునకు లొంగకపోవుటలోని రహస్యమిదియే.

2023లో వెలువడిన కొత్త బుల్లెట్టుకు కిక్కురాడ్డు లేదు. మీట నొక్కిన చాలును. ఇది సుఖమే, కాదనరాదు. కాని నల్లబల్లపై గీచిన నాలుగు ఘట్టములను అరికాలితో చదువు భాగ్యము ఆ రాడ్డుతోనే పోయినది. ఊరిలో పాత బండి యొకటి మిగిలియుండగానే ఉపాధ్యాయుడు పిల్లలను దానియొద్దకు తోడ్కొనిపోయి, నడుపువాడు రాడ్డును మెల్లగా అదుముచుండగా ఆ ముల్లును చూపుట మంచిది. దానికిని అదను కలదు.