కొయ్యలో దాగిన గుర్రాలు

క్రిస్మస్ వస్తోందంటే మన ఊళ్ళలో ఏం చేస్తారు? ఇంటి ముందు వెదురు పుల్లల నక్షత్రం కడతారు. అందులో దీపం పెడతారు. చర్చిలో చిన్న పశువుల పాక వేస్తారు. గడ్డి పరిచి బాల యేసును పడుకోబెడతారు. పక్కన మరియమ్మ, యోసేపు, గొర్రెలు, ఒంటెలు ఉంటాయి. మీలో చాలామంది ఈ పాకను చూసే ఉంటారు.

జర్మనీ దేశంలో ఒకచోట ఇలాంటి బొమ్మల్ని కొయ్యతో చేస్తారు. చేత్తో రంగులు వేస్తారు. పండక్కి ఒకరికొకరు కానుకగా ఇచ్చుకుంటారు. ఆ చోటు పేరు ఎర్ట్స్‌గెబిర్గె. ఖనిజాల కొండలు అని ఆ మాటకు అర్థం. ఆ కొండల్లో జైఫెన్ అనే చిన్న ఊరుంది. బొమ్మల ఊరు అంటే అక్కడ అందరూ జైఫెన్ పేరే చెబుతారు.

కానీ ఆ ఊరు మొదట బొమ్మల ఊరు కాదు. తగరం గనుల ఊరు. తగరం అంటే తెలుసు కదా? ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేది దానితోనే. జైఫెన్ మగవాళ్ళు వందల ఏళ్ళు గనుల్లో పనిచేశారు. రానురాను తగరం తగ్గిపోయింది. పని తగ్గింది, కూలీ తగ్గింది. చివరికి 1849లో గని మూతపడింది.

అక్కడ చలి ఎక్కువ. పంటలు అంతంత మాత్రం. మరి ఏం తిని బతకాలి? చుట్టూ అడవి ఉంది. కొయ్యకు కొదవ లేదు. గని పూర్తిగా మూతపడక ముందే చాలామంది కొయ్య పనికి మళ్ళారు. గనిలో రాయి దంచడానికి వాడిన నీటి చక్రాలు ఉన్నాయి కదా, వాటితోనే కొయ్యను తిప్పే లేతులు నడిపారు. మొదట గిన్నెలు, గరిటెలు, బొత్తాలు చేశారు. 1699లోనే జైఫెన్ మనిషి ఒకడు ఈ సరుకును తోపుడు బండిలో వేసుకుని దూరాన ఉన్న న్యూరెంబర్గ్ సంతకు తీసుకెళ్ళాడు. ఆ తరవాత బొమ్మలు మొదలయ్యాయి.

ఇక్కడ ఒక వింత పని చెప్పాలి. ఒక్క గుర్రం బొమ్మను ఉలితో చెక్కాలంటే ఎంతో సేపు పడుతుంది. జైఫెన్ వాళ్ళు 1800 ప్రాంతంలో వేరే ఉపాయం కనిపెట్టారు. సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ అనే చెట్టు అక్కడ పెరుగుతుంది. దాని మొద్దునుంచి గుండ్రటి బిళ్ళ కోస్తారు. కొయ్య పచ్చిగా, తడిగా ఉండాలి. ఎండితే పెళుసుగా తెగుతుంది. ఆ బిళ్ళను లేతుకు బిగించి గిరగిర తిప్పుతారు. తిరుగుతుంటే ఉలి ఆనించి ఒక పక్క గాడులు తీస్తారు. తరవాత తిరగేసి రెండో పక్క తీస్తారు. అయ్యాక చూస్తే అది గారెలాగా నడుమ చిల్లున్న చక్రం. గుర్రం ఎక్కడా కనపడదు.

ఆ చక్రాన్ని కత్తితో ముక్కలుగా చీలుస్తారు. ఒక్కో ముక్కను పక్కనుంచి చూడండి. తల, మెడ, వీపు, కాళ్ళు అన్నీ ఉన్న గుర్రం! ఒక్క చక్రంలోంచి యాభై అరవై గుర్రాలు వస్తాయి. చేసేవాడికి పని జరుగుతున్నంతసేపూ లోపలి రూపం కనపడదు. చెయ్యే కన్ను కావాలి. ఈ పని పూర్తిగా వచ్చినవాళ్ళు ఇప్పుడు చాలా కొద్దిమందే ఉన్నారు.

చీల్చిన ముక్కతో పని అయిపోలేదు. అంచులు కత్తితో నున్నగా చెయ్యాలి. తోక, చెవులు, కొమ్ములు విడిగా చేసి అంటించాలి. ఆ పైన రంగులు. ఈ పనంతా ఇళ్ళలో జరిగేది. ఎవరు చేసేవారు? ఆడవాళ్ళు, పిల్లలు. బడికి వెళ్ళి వచ్చిన పిల్లలు కూడా రాత్రి దీపం దగ్గర కూర్చుని రంగులు పూసేవారు. సరుకు కొనేది పెద్ద వ్యాపారులు. వాళ్ళు ఇంగ్లండుకు, అమెరికాకు పంపేవారు. ధర మాత్రం వాళ్ళు చెప్పిందే. ధర తగ్గితే ఎక్కువ బొమ్మలు చెయ్యాలి. ఎక్కువ చేస్తే సరుకు పెరిగి ధర ఇంకా తగ్గేది. అక్కడి పిల్లలు చేసిన గుర్రంతో ఎక్కడో ధనవంతుల పిల్లలు ఆడుకున్నారు.

క్రిస్మస్ బొమ్మల్లో ఒకటి నాకు భలే ఇష్టం. గింజలు కొట్టే బొమ్మ. పెద్ద నోరు, తెల్లటి పళ్ళు. దాని నోట్లో అక్రోటు కాయ పెట్టి, వీపున ఉన్న మీట నొక్కితే కాయ పగులుతుంది. జైఫెన్‌లో ఫ్యూఖ్ట్‌నర్ అనే పనివాడు 1870 ప్రాంతంలో వీటిని చెయ్యడం మొదలుపెట్టాడు. ఆ బొమ్మలు ఎవరి రూపంలో ఉంటాయో తెలుసా? రాజు, సిపాయి, పోలీసు. పేదవాళ్ళు పెద్దవాళ్ళ చేత కాయలు కొట్టించారన్నమాట!

ఇంకో బొమ్మ పొగ తాగే మనిషి రూపంలో ఉంటుంది. కడుపులో సాంబ్రాణి లాంటిది వెలిగిస్తే నోట్లోంచి పొగ వస్తుంది. మరొకటి అంతస్తుల గోపురం. అడుగున కొవ్వొత్తులు, పైన కొయ్య రెక్కల చక్రం ఉంటాయి. కొవ్వొత్తి వేడికి గాలి పైకి లేస్తుంది. ఆ గాలి తగిలి చక్రం తిరుగుతుంది. దానితోపాటు లోపలి బొమ్మలూ తిరుగుతాయి. ఇందులో కరెంటు లేదు, మోటారు లేదు.

ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్ళ సంగతి చెబుతాను. ఒకరు గ్రేటె వెంట్, మరొకరు మార్గరెటె క్యూన్. ఇద్దరూ డ్రెస్డెన్ నగరంలో చదువుకున్నారు. బొమ్మలు గీయడం, రూపాలు కల్పించడం నేర్చుకున్నారు. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్నప్పుడు, ఆ కొండల్లోనే గ్రూన్‌హైనిహెన్ అనే ఊళ్ళో సొంతంగా బొమ్మల పని పెట్టారు. అప్పట్లో ఆడవాళ్ళు ఇలా చెయ్యడం చిన్న విషయం కాదు. 1920లో క్యూన్ పెళ్ళి చేసుకుని తప్పుకుంది. వెంట్ మానలేదు.

1923లో ఆమె పాటలు వాయించే చిన్న దేవదూతల్ని చేసింది. పిల్లల ముఖాలు, పొట్టి గౌన్లు, ఆకుపచ్చ రెక్కలు. రెక్కల మీద 11 తెల్ల చుక్కలు. ఆ చుక్కలు చూస్తే చాలు, ఇది వాళ్ళ బొమ్మే అని కొనేవాళ్ళు గుర్తుపడతారు. 1937లో పారిస్ ప్రదర్శనలో ఈ బొమ్మలకు బంగారు పతకం వచ్చింది. 1972లో ఆ కర్మాగారాన్ని తూర్పు జర్మనీ ప్రభుత్వం తీసుకుంది. 1990లో మళ్ళీ ఆ కుటుంబానికే ఇచ్చింది. వెంట్ మాత్రం 1979లోనే చనిపోయింది. నేటికీ ఆ దేవదూతలకు రంగులు చేత్తోనే వేస్తారు.

మన దగ్గరా ఇలాంటి పని ఉంది. కృష్ణానది దగ్గర కొండపల్లిలో తెల్ల పొణికి అనే తేలిక కొయ్యతో బొమ్మలు చేస్తారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. దానితో ముక్కల్ని అతికిస్తారు. సుద్ద పూత పూసి, రంగులు వేస్తారు. చాలా ఇళ్ళలో రంగులు వేసేది ఆడవాళ్ళే. విశాఖ వైపు ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను లేతు మీద తిప్పి లక్క రంగులు పడతారు. అక్కడ చెట్ల గింజలు, బెరడు, వేళ్ళనుంచి తీసిన రంగులు వాడతారు. దానికో కారణం ఉంది. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు. కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది. అది కడుపులోకి పోతే పిల్లల మెదడుకు చెడుపు. రంగు డబ్బా కొనేటప్పుడు సీసం లేదని దానిమీద రాసి ఉందా అని చదవండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు కదా! ఇంకో మాట. కుంచె మొన సన్నగా రావాలని కొందరు నోట్లో పెట్టి తడుపుతారు. అలా చెయ్యకండి. గిన్నెలో నీళ్ళు పెట్టుకోండి.

ఇంటి దగ్గర రంగులు వేసే పని ఎవరైనా ఇస్తే ముందు కాగితం, పెన్సిలు తీసుకోండి. డజనుకు 30 రూపాయలు ఇస్తాడనుకుందాం. ఒక్క బొమ్మకు రెండున్నర రూపాయలు. గంటకు నాలుగు బొమ్మలు అయితే గంటకు 10 రూపాయలు. ఎనిమిది గంటలు కూర్చుంటే 80. రంగు, కుంచె మీవే అయితే ఆ ఖర్చు ఇందులోంచే పోవాలి. అదే రోజుకు పొలం కూలి ఎంత? రెండూ పక్కపక్కన రాసి చూడండి. జైఫెన్ తల్లులు పని ఆపి ఇలా లెక్క వేసుకునే వీలు లేక, వచ్చిందే చాలనుకున్నారు.

అక్కడ క్రిస్మస్ రోజుల్లో కిటికీల్లో రెండు రకాల బొమ్మలు పెడతారు. ఒకటి దేవదూత, ఒకటి గని కూలీ. రెంటి చేతుల్లోనూ కొవ్వొత్తులు ఉంటాయి. చలికాలంలో గని కూలీలు పొద్దు పొడవక ముందే దిగేవారు. పొద్దుగుంకాక పైకి వచ్చేవారు. ఎండ మొహం చూసేవారు కాదు. అందుకే వాళ్ళకు దీపమంటే అంత ప్రేమ అంటారు. ఇంట్లో ఎందరు ఆడపిల్లలుంటే అందరు దేవదూతల్ని పెడతారు. ఎందరు మగపిల్లలుంటే అందరు గని కూలీల్ని పెడతారు. వీధిలో నడుస్తూ కిటికీ చూస్తే ఆ ఇంట్లో పిల్లలెందరో తెలిసిపోతుంది.