‘సర్వర్ స్లోగా ఉంది, రేపు రండి’ అంటే ఆ సర్వర్‌లో ఏం జరుగుతోంది?

తాండూరులోనో, వికారాబాద్‌లోనో మీసేవ కేంద్రానికి వెళ్లారు. అమ్మాయి కౌన్సెలింగ్‌కు ఆదాయ ధ్రువపత్రం కావాలి. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. ‘సర్వర్ స్లోగా ఉంది, రేపు రండి’ అన్నారు ఆపరేటర్. మీ ఫోన్‌లో నెట్ బాగానే వస్తోంది. మరి ఆగింది ఎక్కడ?

కేంద్రంలోని ఇంటర్నెట్ లైన్‌లో కావచ్చు, సాఫ్ట్‌వేర్‌లో తప్పు కావచ్చు. బయటికి కనిపించని కారణం ఇంకొకటి ఉంటుంది. అదే వర్చువల్ మెషిన్లకు మెమరీ, స్టోరేజీ పంచే తీరు.

ఒక్క యంత్రంలో ఇరవై కంప్యూటర్లు

2011లో ఉమ్మడి రాష్ట్రంలో మీసేవ మొదలైంది. మీరిచ్చే వివరాలు కేంద్రంలోని కంప్యూటర్‌లో ఉండిపోవు, డేటా సెంటర్‌కు వెళ్తాయి. డేటా సెంటర్లలో ఇప్పుడు ఒక్కో సేవకు ఒక్కో యంత్రం కొనడం లేదు. ఒక పెద్ద సర్వర్‌ను హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ విడివిడి కంప్యూటర్లుగా చేసి చూపిస్తుంది. అవే వర్చువల్ మెషిన్లు. కేంద్రం నడిపే ‘మేఘ్‌రాజ్’ క్లౌడ్‌లోనూ శాఖలకు ఇచ్చేది ఇలాంటివే.

ఉదాహరణకు సర్వర్‌లో 256 జీబీ ర్యామ్ ఉందనుకోండి. 20 మెషిన్లకు తలా 16 జీబీ ఇస్తామని రాసుకుంటే మొత్తం 320 జీబీ అవుతుంది. లేనిది ఎలా ఇస్తారు? అందరికీ ఒకేసారి అవసరం రాదన్న ధైర్యంతో ఇస్తారు. మామూలు రోజుల్లో ఈ లెక్క తప్పదు, డబ్బూ ఆదా అవుతుంది. ఇందులో మోసమేమీ లేదు.

చిక్కు సీజన్‌లో వస్తుంది. తాండూరు మార్కెట్ యార్డునే తీసుకోండి. కందుల రాశులు పోసే నేల ర్యామ్, వెనకున్న గోదాము డిస్కు. నేల నిండితే కొన్ని రాశులను బస్తాలకెత్తి గోదాములో పెట్టాలి, బేరానికి వచ్చినప్పుడు మళ్లీ తేవాలి. కంప్యూటర్లలో దీన్నే స్వాపింగ్ అంటారు. ర్యామ్‌తో పోలిస్తే ఎస్ఎస్‌డీ కూడా వందల రెట్లు నెమ్మది. అందుకే మెషిన్ ఆగిపోదు, ఈడుస్తుంది. ఆపరేటర్ స్క్రీన్ మీద తిరిగే చక్రం ఇదే కావచ్చు. పక్క మెషిన్‌లో వేరే శాఖకు రద్దీ పెరిగినా దెబ్బ మీ దరఖాస్తుకు తగలొచ్చు. అందుకే ముఖ్యమైన సేవలకు ఇంత ర్యామ్ అని ముందే రిజర్వ్ చేసి, దాన్ని ఎవరితోనూ పంచకుండా ఉంచాలి.

గోదాము నిండితే?

స్టోరేజీలోనూ ఇదే పద్ధతి ఉంది. పేరు థిన్ ప్రొవిజనింగ్. ఆరు వేల బస్తాలు పట్టే గోదాములో పది మందికి తలా వెయ్యి బస్తాల చోటు రాసివ్వడం లాంటిది. అందరూ నింపుకొస్తే లారీ గేటు దగ్గరే ఆగుతుంది. మెమరీ తక్కువైతే పని నెమ్మదిస్తుంది. డిస్కు పూర్తిగా నిండితే మాత్రం రాయడానికి చోటు లేక మెషిన్లే ఆగిపోతాయి. ఒక్కోసారి గోదాము నింపేది మరిచిపోయిన స్నాప్‌షాట్లే. అప్‌డేట్‌కు ముందు జాగ్రత్త కోసం తీసిన స్నాప్‌షాట్‌ను పని కాగానే తొలగించాలి. వదిలేస్తే ఆ తర్వాతి ప్రతి మార్పూ అందులో పేరుకుంటూ పోతుంది.

స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోవడం మరో పొరపాటు. అది ఉండేది అదే గోదాములో. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌కు నిప్పంటుకుని 709 వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే ‘జీ-డ్రైవ్’లో సుమారు 858 టెరాబైట్ల సమాచారం పోయింది. పరిమాణం మరీ ఎక్కువని దానికి బయట బ్యాకప్ ఉంచలేదు. భూమి రికార్డులు, కుల ధ్రువపత్రాలు కంప్యూటర్లలోకి ఎక్కిన మన దగ్గరా అడగాల్సిన ప్రశ్న ఇదే: రెండో కాపీ వేరే ఊళ్లో ఉందా, దాంతో సేవను మళ్లీ నడిపి చూశారా?

కౌంటర్ దగ్గర మీరు చూసుకోవాల్సింది దరఖాస్తు నంబర్. సాధారణంగా వివరాలు డేటాబేస్‌లో చేరాకే ఆ నంబర్ వస్తుంది. అది వచ్చాక స్క్రీన్ ఆగినా మళ్లీ దరఖాస్తు చేయక్కర్లేదు, ఆ నంబర్‌తో స్టేటస్ చూడొచ్చు. నంబర్ రాకుండా ఫోన్‌లో డబ్బు కట్ అయిందంటే చెల్లింపు ఒక మెషిన్‌లో పూర్తయి, దరఖాస్తు మరో మెషిన్‌లో ఆగి ఉండొచ్చు. వెంటనే రెండోసారి కట్టకండి. లావాదేవీ ఐడీని స్క్రీన్‌షాట్ తీసుకుని, అదే కేంద్రంలో ఆ ఐడీతో ముందు వెతికించండి.