పొడగరికి తగిన సైకిలు

ఆరున్నర అడుగుల పొడగరి రేసు సైకిలు కొనబోయినచో అంగడివారు తరచు సీటును పైకి లేపి యిత్తురు. ఇది చాలదు. సీటు కడ్డీపైని హద్దుగీత గొట్టము వెలుపలికి వచ్చెనా, కడ్డీయో ఫ్రేమో విరుగవచ్చును. పడినవానికి అది చౌకబేరము కాదు గదా!

ముందుగా పాదరక్షలు విడిచి, గోడకు ఆనుకొని, తొడల నడుమ పుస్తకమును గట్టిగా పైకి నొక్కి, దాని పైఅంచు నుండి నేలకు కొలువవలెను. టూర్ ది ఫ్రాన్సు పందెమును 1986, 1989, 1990లలో గెలిచిన గ్రెగ్ లెమాండు ప్రచారమొనర్చిన లెక్క ప్రకారము ఆ కొలతలో 0.67 వంతు ఫ్రేము ఎత్తు. 93 సెంటీమీటర్లకు 62 వచ్చును. పైకడ్డీ వాలుగా నున్న నేటి ఫ్రేములకు ఈ లెక్క వర్తింపదు. వానికి హ్యాండిలు ఎత్తు, దూరము చూడవలెను.

ఇంత పెద్దది క్రొత్తగా దొరకుట అరుదు. పాత ఉక్కు ఫ్రేమును వెదకుడు. కొనువారు కొద్దిమందియే గనుక అమ్మువాడు ధర తగ్గించును. బేరమునకు ముందు అతుకులవద్ద బీటలు, త్రుప్పు గలవేమో పగటివెలుతురున చూచుకొనుడు.