దోమలు రాని గది: జాలీ ఎలాంటిది కొనాలి?

“జాలీ కొట్టిస్తిమి గద సిస్టరమ్మా, మల్ల జరమెట్లొచ్చె?” అని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల తల్లులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. కిటికీకి జాలీ ఉంటుంది, తలుపుకు ఉండదు. తలుపుకు ఉన్నా చూరు కింద సందు ఉంటుంది. దోమకు అది చాలు. అందుకే డబ్బు తక్కువగా ఉన్నవారు ఇల్లంతా సగం సగం మూయించడం కన్నా, పిల్లలు, గర్భిణీలు పడుకునే ఒక్క గదిని పూర్తిగా మూయించుకోవడం మేలు.

ఇది కొత్త ఉపాయం కాదు. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొన్నాడు. 1900లో ఇటలీలో గ్రాస్సీ అనే శాస్త్రవేత్త రైల్వే ఉద్యోగుల ఇళ్లకు తీగ జాలీలు బిగించి, చీకటి పడ్డాక వారిని లోపలే ఉంచాడు. వారిలో చాలా కొద్దిమందికే జ్వరం వచ్చింది.

మలేరియా దోమ రాత్రి కుడుతుంది. డెంగీ దోమ పగలు కుడుతుంది, చీకటి మూలల్లో దాక్కుంటుంది. గద్వాలలో గుంట మగ్గం మీద చీర నేసేవారి కాళ్లు పగలంతా ఆ చీకటి గుంటలోనే ఉంటాయి. కాబట్టి మగ్గం ఉన్న గదికి కూడా జాలీ అవసరమే.

దుకాణంలో ముందుగా రంధ్రాలు చూడండి. స్కేలు ఆనించి లెక్కపెడితే అంగుళానికి 16 గాని 18 గాని ఉండాలి. అంతకన్నా పెద్ద రంధ్రాల్లో చిన్న దోమ దూరుతుంది. మరీ సన్నని జాలీలో గాలి ఆడదు. మన ఎండాకాలంలో ఉక్క భరించలేక తలుపు బార్లా తెరుస్తారు, పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది.

నైలాన్ జాలీ చవక, కానీ త్వరగా చిరుగుతుంది, నిప్పు రవ్వ పడితే కరుగుతుంది. ఫైబర్ గ్లాస్ జాలీ తుప్పు పట్టదు, గాలి బాగా వస్తుంది. అయితే పిల్లి గోళ్లకు, ఎలుక పళ్లకు ఆగదు. జింకు పూత ఇనుప జాలీ గట్టిదే గాని వాన జల్లు పడేచోట రెండు మూడేళ్లకు అంచుల్లో తుప్పు మొదలవుతుంది. అల్యూమినియం తుప్పు పట్టదు, పిల్లలు నెడితే మాత్రం సొట్టపోతుంది. అన్నిటికన్నా మన్నేది 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్, ధర కూడా దానిదే ఎక్కువ. నేనైతే తలుపుకు, కిటికీకి కింది మూడడుగులు స్టీలు, పైన ఫైబర్ గ్లాస్ వేయించమంటాను. స్టీలు అని చెప్పి ఇనుము అంటగడతారేమోనని అనుమానమైతే అయస్కాంతం తీసుకెళ్లండి. ఇనుప జాలీకి గట్టిగా అతుక్కుంటుంది, 304 స్టీలుకు అలా అతుక్కోదు.

చట్రానికి వేపకర్ర, టేకు మంచివే. చెదలు ఉన్న ఇంట్లో కర్ర నేలకు, గోడకు తగలకుండా చూడాలి, లేదా అల్యూమినియం వాడాలి. ఇనుప చట్రమైతే రంగు వేశాకే జాలీ బిగించండి. ఒట్టి మేకులు కొడితే జాలీ వదులవుతుంది, పైన బద్ద పెట్టి స్క్రూలు బిగించమనండి. జాలీ తలుపు బయటికి తెరుచుకోవాలి, దానంతట అదే మూసుకునేలా స్ప్రింగు ఉండాలి. బండలు పరిచిన నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది గనుక తలుపు అడుగున రబ్బరు పట్టీ తప్పనిసరి.

మట్టి మిద్దెల్లో దూలానికి, గోడకు మధ్య సందులను మట్టితో గాని సున్నంతో గాని పూడ్చండి. వెలుతురు కోసం పైన వదిలిన గవాక్షికి కూడా జాలీ వేయండి. చాలామంది దాన్నే మరచిపోతారు.

నీళ్ల గోలెం ఆ గదిలో పెట్టకండి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు, అప్పుడు దోమల్ని లోపల పెట్టి తాళం వేసినట్లే. మూసిన గదిలో కుంపటి కూడా వద్దు, ఆ పొగ ప్రాణాలకే ముప్పు.

పని పూర్తయ్యాక మేస్త్రీకి మిగతా డబ్బు ఇచ్చే ముందు, మిట్టమధ్యాహ్నం జాలీల మీద దుప్పట్లు కప్పి, తలుపు మూసి లోపల నిలబడండి. ఎక్కడెక్కడ వెలుతురు గీతలా కనిపిస్తుందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, అతనితోనే పూడ్పించండి.