వచ్చిపోయే జబ్బు

కొత్త బండి ఇంటికి వచ్చినప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మన ఆచారం. అమెరికాలో మాత్రం, ఎంత బాగు చేయించినా బాగుపడని కారునే నిమ్మకాయ అని పిలుస్తారు. ఈ రెండు నిమ్మకాయలకూ ఏ సంబంధమూ లేదు. అయినప్పటికీ గడచిన వేసవిలో రెండింటి రుచీ ఒకే బండి వలన నాకు తెలిసినది.

నేను కళాశాలలో తెలుగు చెప్పుకొని బ్రతికేవాడిని. మా అమ్మగారికి ఎనభై దాటినవి. కంటి చికిత్సకు ఆమెను నెలకు రెండుమార్లు షేక్‌పేట నుండి బంజారా హిల్స్ తీసుకొనిపోవలసి వచ్చినది. ఆటో ఎక్కడం, దిగడం ఆమెకు కష్టమైనందున, యాభై మూడవ ఏట నడపడం నేర్చుకొని, వాడిన కారు ఒకటి కొన్నాను. జూబిలీ హిల్స్‌లో అటువంటి కార్లు అమ్మే అద్దాల అంగళ్లకు కొదవ లేదు. మద్రాసు నుండి తరలివచ్చిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ స్థిరపడిన తావు కనుక అక్కడ అమ్మకానికున్న ప్రతి బండికీ ఒక సినిమా కథ ఉంటుంది. నాకు చూపిన చిన్న కారు ఒక కథానాయకుని మేనేజరు వాడినదట. “ఎండ తగలనీయలేదు మాస్టారూ, బిడ్డలా చూచుకున్నారు,” అన్నాడు యజమాని. 3,40,000 రూపాయలు చెల్లించినాను. మూడు నెలల హామీ పత్రం వ్రాసి ఇచ్చినాడు.

ఇరవై రోజులు బండి బుద్ధిగా నడిచినది. ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం అమ్మతో ఫిలింనగర్ ఎత్తు ఎక్కుతూండగా, దగ్గు లేదు, వణుకు లేదు, ఇంజను హఠాత్తుగా ఆగిపోయినది. ఇంజను ఆగితే స్టీరింగు చక్రం బండరాయివలె బిగుసుకుంటుందనీ, బ్రేకుకు ఇంజను ఇచ్చే సాయం ఒకటి రెండుసార్లు తొక్కగానే తీరిపోతుందనీ నాకు అంతవరకు తెలియదు. బండి వెనుకకు జారనారంభించినది. వెనుక షూటింగుకు పోతున్న జనరేటరు వ్యాను ఒకటి ఉన్నది. అందులోని లైట్‌బాయ్‌లు ఇద్దరు దూకి వచ్చి చక్రాల కింద రాళ్లు పెట్టినారు. అమ్మ వెనుక సీటులో చేతులు జోడించి కూర్చున్నది. ఇరవై నిమిషాల తరువాత తాళం తిప్పితే, ఏమీ జరగనట్లు ఇంజను పలికినది.

మరునాడు ఉదయం పది గంటలకు అంగడికి పోయినాను. మెకానిక్కు గంటసేపు చూచినాడు. బండి కిక్కురుమనలేదు. “లోపం ఏమీ లేదు సార్” అన్నాడు. మూడు వారాలలో మూడుసార్లు పోయినాను. మూడుసార్లూ అదే మాట. ఆఖరిసారి యజమాని చిరునవ్వుతో, “కొత్తగా నేర్చుకున్నారు కదా మాస్టారూ, క్లచ్చి వదలడంలో తేడా వచ్చి ఉంటుంది,” అన్నాడు. ప్రశ్నకు జవాబు తెలియక తల గోక్కునే కుర్రవానివైపు నేను ఎన్నిమార్లు చూచి ఉంటానో, ఆయన నావైపు అట్లే చూచినాడు. ఆ చూపు నన్ను బాధించినది. డబ్బు పోయిన బాధ వేరు. ఉన్నది ఉన్నట్లు చెప్పినా నమ్మించలేకపోవడం వేరు.

ఇంటికి వస్తూ కృష్ణానగర్‌లో సినిమా యూనిట్ల వ్యానులు బాగు చేసే ఒక ముసలి మెకానిక్కు వద్ద ఆగి నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన బండి మూత కూడా ఎత్తలేదు. “ఎప్పుడు ఆగుతుందో అందరూ చెపుతారు సార్. ఎప్పుడు ఆగదో చెప్పండి,” అన్నాడు. నా వద్ద సమాధానం లేదు.

ఆ రాత్రి నాకు మన ఊరిలోనే జరిగిన ఒక సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఆయుర్వేదంలో విషమజ్వరాలకు వేళలనుబట్టి పేర్లున్నవి: దినదినమూ వచ్చేది అన్యేద్యుష్కం, రోజు విడిచి రోజు వచ్చేది తృతీయకం, రెండు రోజులు విడిచి వచ్చేది చతుర్థకం. కారణం తెలియకముందే మన పెద్దలు వేళను గుర్తించినారు. కారణంలో సగం 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూడడంతో తెలిసినది. మిగిలిన సగం 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ పరాన్నజీవి జాడను పట్టడంతో తేలినది. దానికి 1902లో నోబెల్ బహుమతి వచ్చినది. ఆ పరాన్నజీవులు రక్తకణాలను పగులగొట్టుకొని గుంపుగా వెలువడినప్పుడల్లా చలి, జ్వరం వస్తాయి. అందుకే దానికి ఆ వేళ. జ్వరం లేనినాడు రోగిని చూచి జబ్బు లేదన్న వైద్యుడు ఎంత పొరబడినాడో, ఉదయం పది గంటలకు నా బండిని చూచిన మెకానిక్కూ అంతే పొరబడినాడు. వారు చూచినది రోగినే కాని రోగాన్ని కాదు.

మరునాటి నుండి కారులో ఒక నోటుపుస్తకం పెట్టినాను. బండి ఆగినప్పుడల్లా తేది, గంట, బయలుదేరి ఎన్ని నిమిషాలైనది, ఎత్తా పల్లమా, చల్లని గాలి యంత్రం నడుస్తున్నదా లేదా, మరల పలకడానికి ఎంతసేపు పట్టినది, అన్నీ వ్రాసినాను. ముసలి మెకానిక్కు మాట ప్రకారం, ఆగని ప్రయాణాలను కూడా వ్రాసినాను. రెండు వారాలలో ఆరుసార్లు ఆగినది. ఆరూ మధ్యాహ్నం పన్నెండుకూ నాలుగుకూ నడుమనే. ఆరూ బయలుదేరిన ఇరవై నిమిషాల తరువాతనే. ఉదయపు ప్రయాణాలలో ఒక్కసారైనా ఆగలేదు. అంగడివారు ప్రతిమారూ రాత్రంతా నీడలో చల్లబడిన బండినే పరీక్షించినారు! రోగం వేడిలో ఉన్నది. పరీక్ష చల్లదనంలో జరిగినది. ఇంకొక వింత కూడా కంటబడినది. బండి ఇంకా గేరులోనే దొర్లుతూండగా, ఇంజను వేగం చూపే ముల్లు మెల్లగా దిగక, ఒక్కసారిగా సున్నాపై పడుతున్నది.

ఈ పుస్తకం ముందు పెట్టుకొని అంగడి యజమానికి ఒక లేఖ వ్రాసినాను. అందులో కోపం ఒక్క వాక్యం కూడా లేదు. కొన్న తేది, అంగడికి తెచ్చిన మూడు తేదీలు, ఆరు సంఘటనల పట్టిక, మూడు కోరికలు ఉన్నవి. ఒకటి: మధ్యాహ్నం రెండు గంటలకు వారి మెకానిక్కు నాతో కూడ ఫిలింనగర్ ఎత్తు ఎక్కవలెను. రెండు: బండిలోని కంప్యూటరులో దోషసంకేతాలు ఉంటే వాటిని తుడిచివేయకముందే కాగితంపై తీసి నాకు ఇవ్వవలెను. మూడు: హామీ గడువు లోపలనే మొదలైన లోపం కనుక, గడువు ముగిసినా అది తీరేవరకు బాధ్యత వహించవలెను. రెండవ కోరిక ముఖ్యమైనది. నేటి కార్లలో కంప్యూటరు తాను పసిగట్టిన తేడాను సంకేతంగా దాచుకొంటుంది. లోపం మరల కనబడకపోతే కొన్ని ప్రయాణాల తరువాత తానే చెరిపివేస్తుంది. మొదటి రాకలోనే మెకానిక్కు ఆ జ్ఞాపకాన్ని తుడిచివేసి, ఏమీ లేదని చెప్పినాడట! సాక్షిని పంపివేసి సాక్ష్యం లేదన్నట్లు.

చట్టం మాట కూడా చదువరులకు చెప్పవలెను. కొనేవాడే చూచుకొని కొనవలెనన్నది పాత న్యాయం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ విభాగంలో దానికి మినహాయింపులున్నవి. ఆ రకం వస్తువుల వ్యాపారమే చేసేవాని వద్ద కొన్నప్పుడు వస్తువు అమ్మకానికి తగిన నాణ్యత కలిగి ఉండవలెను. కొనేవాడు పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడవలసిన లోపాలకు మాత్రమే ఈ రక్షణ లేదు. ఎండలో, ఎత్తులో, ఇరవై నిమిషాల తరువాత మాత్రమే బయటపడే లోపం అంగడి ముంగిట ఎట్లు కనబడుతుంది?

1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 నాటి చట్టం 2020 జూలై 20 నుండి అమలులో ఉన్నది. వాడిన వస్తువును సొంతానికి కొన్నవాడు వినియోగదారుడు కాడని అందులో ఎక్కడా లేదు. తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును, వకీలు తప్పనిసరి కాదు, చెల్లించిన ధర 5 లక్షలు మించకపోతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. పరీక్షించనిదే తేలని లోపమైతే, వస్తువును తగిన ప్రయోగశాలకు పంపే అధికారం కూడా కమిషన్‌కు ఉన్నది. అంతకుముందే 1915 అనే జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేసి చెప్పుకోవచ్చును. నేను ఈ సంగతులను బెదిరింపుగా కాక, లేఖ చివర ఒక సమాచారంగా వ్రాసి రిజిస్టరు పోస్టులో పంపినాను.

వారం తిరగకముందే కబురు వచ్చినది. మే నెల ఎండలో, రెండు గంటలకు, వారి మెకానిక్కు చేతిలో పరీక్షాయంత్రం పట్టుకొని నా పక్కన కూర్చున్నాడు. మొదటి రెండు ఎక్కుళ్లలో బండి ఆగలేదు. నాకు ముచ్చెమటలు పోసినవి. బండి ఆగకపోవాలని కాదు, ఆగాలని! మూడవసారి గుడి మలుపు దాటగానే ఆగినది. ముల్లు సున్నాపై పడినది. ఆ కుర్రవాడు యంత్రం వంక చూచి, “క్రాంక్ సెన్సరు నుండి ఏమీ రావడం లేదు సార్!” అని కేకవేసినాడు. నా జీవితంలో నేను అంతగా సంతోషించిన ప్రమాదం లేదు.

సంగతి ఇది. ఇంజను ఇరుసు ఏ క్షణాన ఏ కోణంలో ఉన్నదో చెప్పే చిన్న పరికరం అది. దానిలో అయస్కాంతం చుట్టూ వెంట్రుకవంటి తీగ చుట్టి ఉంటుంది. ఆ తీగ ఎక్కడో చిట్లినది. వేడికి వ్యాకోచించి విడిపోతుంది. చల్లారి మరల అతుక్కుంటుంది. విడిపోయినప్పుడు నిప్పురవ్వ ఎప్పుడు వేయవలెనో, ఇంధనం ఎప్పుడు చిమ్మవలెనో కంప్యూటరుకు తెలియక ఇంజనును ఆపివేస్తుంది. అంగడివారు సెన్సరునూ, దాని తీగలనూ తమ ఖర్చుతో మార్చినారు. హామీని మరి మూడు నెలలు పొడిగిస్తూ వ్రాసి ఇచ్చినారు.

అంగడి యజమానిని దుర్మార్గుడని నేను అనను. 1970లో జార్జి అకెర్లాఫ్ అనే అర్థశాస్త్రజ్ఞుడు ఈ నిమ్మకాయల బజారుపైననే ఒక వ్యాసం వ్రాసినాడు. అమ్మేవానికి తెలిసినది కొనేవానికి తెలియదు. అందుచేత కొనేవాడు అన్నిటినీ అనుమానించి తక్కువ ధర ఇస్తాడు. మంచి బండ్లు బజారు విడిచిపోతాయి. 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించినది. నా బండి విషయంలో అమ్మేవానికీ తెలియలేదు. కాని తెలియకపోవడం తప్పు కాదు గాని, తెలియనిదానిని లేదనడం తప్పు. ఆ తప్పు నేను కూడా తరగతిలో చేసినాను. “కడుపునొప్పి” అని వారం వారం పరీక్షనాడే చెప్పే పిల్లవానిని నటిస్తున్నావని గద్దించినాను. నొప్పి ఆ రోజే ఏల వస్తున్నదని అడగలేదు.

ఈ సంవత్సరం మొదటి వ్యాసరచనకు నా విద్యార్థులకు ఇచ్చిన విషయం ఇది: మీ ఇంట అప్పుడప్పుడు మాత్రమే చెడే వస్తువును, చూడనివాడు నమ్మేటట్లు వర్ణించండి. విశేషణాలు వాడరాదు, వేళలు వ్రాయవలెను. ఒక అమ్మాయి తమ వసతిగృహంలోని నీటి మోటారును గురించి పది రోజుల పట్టిక వ్రాసుకొని వచ్చినది. దానికి మార్కులు వేయడానికి ముందు, వార్డెనుకు చూపి రమ్మని పంపినాను.

బండి ఇప్పుడు ఆ ఎత్తును మధ్యాహ్నమైనా సునాయాసంగా ఎక్కుతున్నది. గుడి మలుపు వచ్చేసరికి మాత్రం వెనుక సీటులో అమ్మ ఇప్పటికీ చేతులు జోడిస్తుంది. ఆ వేళను కూడా నోటుపుస్తకంలో వ్రాసి ఉంచినాను.